చెరువు నిండింది సరే, నీళ్లెలా ఉన్నాయి?

అక్టోబరు వచ్చిందంటే నెల్లూరు జిల్లా పత్రికల లోపలి పేజీల్లో రోజూ ఒక చిన్న పట్టిక కనిపిస్తుంది. సోమశిలలో నిల్వ ఎంత, కండలేరులో ఎంత, పైనుంచి ఎన్ని క్యూసెక్కులు వస్తున్నాయి, కిందికి ఎన్ని వదులుతున్నారు. ఈశాన్య రుతుపవనాల మీద, పెన్నా వరద మీద బతికే జిల్లా కాబట్టి ఆ అంకెలు అందరికీ కావాలి. సోమశిల పూర్తి సామర్థ్యం 78 టీఎంసీలనీ, కండలేరుది 68 అనీ ఇక్కడ బడి మొహం చూడని రైతు కూడా చెబుతాడు. నాట్లు ఎప్పుడు వేయాలో, రెండో పంటకు నీళ్లందుతాయో లేదో ఆ పట్టికను బట్టే తేలుతుంది.

ఆ పట్టికలో ఇంకో గడి ఉండాలని నేను చాలా ఏళ్లుగా అడుగుతున్నాను. నిల్వ ఉన్న ఆ నీళ్లు ఎలా ఉన్నాయో చెప్పే గడి. అందులో ఆక్సిజన్ ఎంత, భాస్వరం ఎంత, ఎంత లోతు వరకు వెలుతురు దిగుతోంది, నిరుటి ఇదే నెలకూ ఇప్పటికీ తేడా ఏమిటి? ఈ ప్రశ్నలకు జవాబులు తెలిసిన చెరువు మా నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఎక్కడైనా ఉంటే, అది ఎవరో ఒక అధ్యాపకుడి సొంత పట్టుదల వల్లనే అయి ఉంటుంది.

నేను మంచినీటి జీవావరణ శాస్త్రం చదివాను, అదే బోధించాను, అందులోనే పరిశోధన చేశాను. సూక్ష్మదర్శినిలో తప్ప కనిపించని ప్లవకాల నుంచి కొర్రమీను దాకా నీటిలో ఏవి బతుకుతున్నాయి, ఏవి తగ్గిపోతున్నాయి, ఎందుకు అన్నది నా పని. ఈ పనిలో నాకు ఏడాదికేడాది గట్టిపడిన నమ్మకం ఒకటుంది. ఒక రోజు వెళ్లి ఒక సీసాలో పట్టి తెచ్చిన నీళ్లు చెరువు గురించి చెప్పేది చాలా కొద్ది. ఒకే చెరువును ఒకే చోట ఏళ్ల తరబడి కొలిస్తేనే దాని స్వభావం బయటపడుతుంది. ప్రయోగశాలలు మనకు ఉన్నంతలో ఉన్నాయి. ఆ ఓపికను నిలబెట్టే ఏర్పాటే లేదు.

పరిశోధక విద్యార్థినిగా నాకు దొరికిన అంశం పెన్నా డెల్టాలోని ఒక మామూలు సాగునీటి చెరువులో ప్లవకాలు. "పాచి మీద డాక్టరేటా!" అని ఇంట్లో ఆశ్చర్యపోయారు. మా గురువుగారు మాత్రం మొదటి రోజే మూడు షరతులు పెట్టారు. పడవ ఆపే చోటు మారకూడదు, నీళ్లు తీసే లోతు మారకూడదు, వేళ మారకూడదు. తూము దగ్గర ఒక చోటు, చెరువు నడుమ ఒకటి, మిగులు నీరు పొర్లే కలుజు దగ్గర ఒకటి గుర్తులు పెట్టుకున్నాం. నా చేతిలో ఉన్న పరికరాల్లో నాకు ఇప్పటికీ ఇష్టమైనది సెక్కీ బిళ్ల. 1865లో ఆంజెలో సెక్కీ అనే ఇటలీ మతగురువు, ఖగోళ శాస్త్రవేత్త కూడా అయిన ఆయన, మధ్యధరా సముద్రంలో తెల్లటి బిళ్లలు దించి చూసిన పద్ధతి అది. చెరువుల్లో వాడేది 20 సెంటీమీటర్ల వెడల్పున్న, నలుపు తెలుపు పావులున్న బిళ్ల. తాడుకు కట్టి దించుతూ పోతే ఏ లోతులో కంటికి ఆనకుండా పోతుందో అదే నీటి పారదర్శకత. ఇంత చవకగా, ఇంత నమ్మకంగా పనిచేసే పరికరం ఆ తరువాత మా శాస్త్రంలో రాలేదని నా అభిప్రాయం.

డిగ్రీకి రెండేళ్ల కొలతలు చాలు. మన విశ్వవిద్యాలయాల్లో నీటి మీద వచ్చిన సిద్ధాంత గ్రంథాల్లో ఎక్కువ భాగం అలా రెండేళ్లవే. విద్యార్థి పట్టా తీసుకుని ఉద్యోగం వెతుక్కుంటూ వెళ్లిపోతాడు, ఆ చెరువు మళ్లీ ఎవరికీ పట్టదు. తరువాత చేరిన విద్యార్థికి ఇంకో చెరువు ఇస్తారు. ఎందుకంటే చేసిన చెరువునే మళ్లీ చేస్తే కొత్తదనం లేదంటారు. ఈ నియమం మీద నాకు మొదటి నుంచీ కోపమే. చేసిన చెరువునే మళ్లీ మళ్లీ చేయడంలోనే మా శాస్త్రం బలమంతా ఉంది.

ఆక్సిజన్ ఒక్కటి తీసుకుని చూడండి. 30 డిగ్రీల ఉష్ణోగ్రత దగ్గర మంచినీటిలో గాలి నుంచి కరిగి నిలవగల ఆక్సిజన్ లీటరుకు దాదాపు 7.5 మిల్లీగ్రాములు. శైవలాలు, అంటే పాచి, దట్టంగా పెరిగి నీళ్లు పచ్చబడిన చెరువులో మధ్యాహ్నపు ఎండకు అవి ఆక్సిజన్ విడుదల చేస్తుంటే ఆ అంకె 12కూ 14కూ కూడా పోతుంది. పొద్దు కుంకాక ఆక్సిజన్ ఇచ్చేవి ఉండవు, తీసుకునేవే ఉంటాయి. పగలంతా ఇచ్చిన శైవలాలతో పాటు చేపలు, అడుగు బురదలోని బాక్టీరియా అన్నీ రాత్రంతా దాన్ని వాడుకుంటాయి. తెల్లవారుజాముకు అదే నీటిలో 1 మిగిలినా మిగలవచ్చు, 2 మిగిలినా మిగలవచ్చు. వరసగా నాలుగు రోజులు మబ్బు పడితే అదీ ఉండదు. శుద్ధి చేసి తాగడానికి వాడుకునే నీటి వనరులో కనీసం 4 ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వర్గీకరణ చెబుతుంది. అంటే అదే చెరువు, అదే రోజు, ఉదయం ఐదింటికి తప్పుతుంది, పదకొండింటికి ఉత్తీర్ణమవుతుంది. మన దగ్గర నమూనాలు తీసే వేళ దాదాపు ఎప్పుడూ పదకొండే.

దీని ఫలితం పుస్తకాల్లో ఆగదు. నేను పనిచేసే చెరువుకు దగ్గర్లో ఇంకో చెరువులో ఒక నవంబరు ఉదయం చేపలు పెద్ద ఎత్తున తేలాయి. ముందు చచ్చింది బొచ్చెలు. పైకొచ్చి గాలి పీల్చుకోగల కొర్రమీనులు, మార్పు చేపలు బతికే ఉన్నాయి. ఆ ఒక్క తేడా చూసినా కారణం ఆక్సిజనేనని అర్థమవుతుంది, ఎందుకంటే విషం అలా ఎంచి చంపదు. సిబ్బంది వచ్చేసరికి ఎండ ఎక్కింది. ఆక్సిజన్ సరిపడా ఉందని రాసుకుని వెళ్లిపోయారు. ఆక్సిజన్ ఉంటే మరి చేపలెందుకు చచ్చాయి? ఎవరో మందు కలిపారన్న మాట పుట్టింది. చేపల సొసైటీలో అంతకు ముందే ఉన్న రెండు వర్గాలు ఒకరినొకరు అనుమానించుకున్నాయి, పోలీసుల దాకా వెళ్లాయి. ఆ సొసైటీలో వయసు మళ్లిన సభ్యుడొకాయన నాతో అన్న మాట నేను ప్రతి ఏటా తరగతిలో చెబుతాను. "అమ్మా, నీళ్లు రాత్రిపూట చెడతాయి. పొద్దెక్కి వచ్చిన వాళ్లకు ఏమి కనిపిస్తుంది?"

నీటిలో ఆక్సిజన్‌ను కొలిచే వింక్లర్ పద్ధతి ఆయనకు తెలియదు. 1888లో హంగేరీకి చెందిన లాయోష్ వింక్లర్ కనిపెట్టిన ఆ పరీక్షలో నీళ్లు పట్టిన సీసాలో మాంగనస్ సల్ఫేటు, క్షారం కలిపిన అయొడైడు వేస్తాం. ఆక్సిజన్ ఉంటే సీసాలో ముదురు గోధుమ రంగు మడ్డి దిగుతుంది, లేకపోతే తెల్లగా దిగుతుంది. విద్యార్థులను ఒకసారి మధ్యాహ్నం, ఒకసారి చీకటితో చెరువు దగ్గరికి తీసుకెళ్లి ఆ రెండు సీసాలను పక్కపక్కన పెట్టి చూపిస్తే ఇంకో వివరణ అక్కర్లేదు.

మా జిల్లాలో ఈ సంగతి అందరికన్నా బాగా ఎరిగినవారు ఆక్వా రైతులు. ఇందుకూరుపేట, అల్లూరు, ముత్తుకూరు వైపు రొయ్యల గుంటల దగ్గర తెల్లవారుజామున నాలుగింటికి టార్చిలైటు పట్టుకుని ఆక్సిజన్ మీటరును నీటిలో ముంచే మనిషి కనిపిస్తాడు. అంకె పడిపోతే నీటిలో గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతాయి. వాళ్లు చేసే పనిలో నాకు అభ్యంతరమైనవి చాలా ఉన్నాయి. గుంటల నుంచి వదిలే నీళ్లు కాలువలను, వాగులను ఏం చేస్తున్నాయో చూస్తూనే ఉన్నాను. తీరప్రాంతపు రొయ్యల సాగు మీద 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు అంత కఠినమైన తీర్పు ఊరికే ఇవ్వలేదు. కానీ నీటిని ఏ వేళకు అడగాలో, ఎన్నిసార్లు అడగాలో వాళ్లకు తెలుసు. పెట్టుబడి మునిగిపోతుందన్న భయం వాళ్లకు నేర్పింది. ఊరంతా తాగే నీళ్ల విషయంలో ఆ భయం మనకు లేకపోవడం నాకు అర్థం కాని సంగతి.

మనం వాడే కొలతలకు కూడా ఒక ఊరు, ఒక వాతావరణం ఉంటాయి. మురుగు ఎంత ఉందో చెప్పడానికి వాడే బీఓడీ పరీక్షనే చూడండి. నీటిలోని సేంద్రియ పదార్థాన్ని బాక్టీరియా కుళ్లబెట్టేటప్పుడు ఎంత ఆక్సిజన్ ఖర్చవుతుందో అది చెబుతుంది. సీసాను 5 రోజులు ఉంచాలన్న గడువు బ్రిటన్‌లో మురుగునీటి మీద వేసిన రాయల్ కమిషన్ 1912 నివేదిక నుంచి వచ్చింది. బ్రిటన్ నదుల్లో నీరు అంతకన్నా ముందే సముద్రంలో కలిసిపోతుందన్న లెక్క దాని వెనక ఉందని చెబుతారు. మన దేశపు వేడికి తగినట్టు తరువాత దాన్ని 27 డిగ్రీల దగ్గర 3 రోజులుగా మార్చారు. ఆ మార్పు మంచిదే. అయినా పెన్నా తీరు వేరు. 597 కిలోమీటర్ల నది, ఏడాదిలో చాలా నెలలు ఇసుకే. వచ్చిన నీళ్లు అయిదు రోజుల్లో సముద్రానికి పోవు, చెరువుల్లో నెలల తరబడి నిలబడతాయి, ఎండలో మరుగుతాయి, ఇంకుతాయి, ఆవిరై చిక్కబడతాయి. అలాంటి నీళ్ల గురించి ఒక్క అంకెతో తీర్పు చెప్పడం ఎలా కుదురుతుంది?

ఇక మట్టి సంగతి. నా పరిశోధన అంతా కలిపి ఒక్క విషయమే జనానికి చెప్పాలంటే పూడిక మట్టి గురించే చెబుతాను.

వేసవిలో చెరువు ఎండగానే అడుగున దిగిన ఒండ్రును రైతులు బండ్లకెత్తి పొలాలకు తోలుకునేవారు. చెరువు లోతు పెరుగుతుంది, పొలానికి సత్తువ వస్తుంది అన్నంత వరకు అందరికీ తెలుసు. నీటి శాస్త్రం వైపు నుంచి చూస్తే ఇందులో ఇంకొకటి జరిగేది. భాస్వరం బంకమట్టి రేణువులకు, అందులోని ఇనుముకు అతుక్కుని ఉంటుంది. వానకు పొలం నుంచి కొట్టుకొచ్చిన మట్టితో పాటు చెరువులోకి దిగుతుంది, పూడికతో పాటు మళ్లీ పొలానికి పోతుంది. పొలానికీ చెరువుకూ మధ్య ఆ రాకపోకలు ఎన్ని తరాలు సాగాయో! చెరువులో పోషకాలు పేరుకోకుండా ఏటా శుభ్రం చేసే ఏర్పాటు అది. ఎవరూ ఆ పేరుతో దాన్ని పిలవలేదంతే.

డీఏపీ బస్తా వచ్చాక బండి తోలడం తగ్గింది. 18 శాతం నత్రజని, 46 శాతం పెంటాక్సైడు రూపంలో లెక్కగట్టే భాస్వరం ఉన్న ఎరువు భుజాన వేసుకుని పోవడానికి వీలుగా దొరుకుతుంటే, ఎవరైనా నడుము విరిగేలా మట్టి ఎందుకు తోలుతారు? రైతును తప్పు పట్టలేను. కానీ రాకపోకల్లో ఒక వైపు మూసుకుపోయింది. పొలం నుంచి చెరువుకు భాస్వరం వస్తూనే ఉంది, ఊరి మురుగు నుంచీ సబ్బు నీళ్ల నుంచీ ఇంకా వస్తోంది, బయటికి మాత్రం పోవడం లేదు. గొలుసుకట్టు చెరువుల్లో అయితే పై చెరువు కలుజు దాటిందంతా కింది చెరువు నెత్తిన పడుతుంది.

భాస్వరం మీద ఇంత పట్టుదల ఎందుకంటే, కెనడాలోని ఒంటారియోలో డేవిడ్ షిండ్లర్ బృందం 1973లో చేసిన పని ఒకటి ఉంది. 226వ నంబరు సరస్సును మధ్యలో తెరకట్టి రెండు సగాలు చేశారు. ఒక సగంలో కార్బన్, నత్రజని వేశారు. రెండో సగంలో వాటితో పాటు భాస్వరం కూడా వేశారు. భాస్వరం పడిన సగం నీలి ఆకుపచ్చ శైవలాలతో నిండిపోయింది, మొదటి సగం తేటగానే ఉంది. విమానం నుంచి తీసిన ఆ ఛాయాచిత్రం ఎన్ని నివేదికలూ చెప్పలేని దాన్ని చూడగానే చెప్పింది. సబ్బుల్లో భాస్వరాన్ని తగ్గించే చట్టాలకు అది బలమైన ఆధారమైంది. మా చెరువుల్లో గుర్రపు డెక్క కమ్ముకున్నప్పుడల్లా యంత్రాలు పెట్టి తీయిస్తారు, తీసిన దాన్ని కట్ట మీదే పోస్తారు, అది అక్కడే కుళ్లి మొదటి వానకు మళ్లీ చెరువులోకే దిగుతుంది. భాస్వరం సంగతి తెలిసిన వాళ్లు ఎవరైనా దగ్గరుంటే దాన్ని కంపోస్టుకు తరలించేవారు.

2015లో మొదలైన నీరు-చెట్టు పథకం కింద మన రాష్ట్రంలో చెరువుల పూడిక తీశారు. మంచి పనే. అయితే లెక్క అంతా ఎన్ని క్యూబిక్ మీటర్ల మట్టి తీశారన్నదే. ఆ మట్టిలో పోషకాలెంత, అది పొలానికి వెళ్లిందా లేక ఇళ్ల స్థలాల మెరకకు వెళ్లిందా అన్న ప్రశ్న నాకు తెలిసి ఏ కట్ట మీదా వినపడలేదు. మెరకకు పోసిన ఒండ్రు వల్ల చెరువుకు మేలే, పొలానికి ఏమీ ఒరగదు, డీఏపీ బస్తాల సంఖ్య తగ్గదు, రెండేళ్లలో భాస్వరం మళ్లీ చెరువుకే చేరుతుంది.

భాస్వరం ఎప్పుడూ శత్రువని అనుకోకండి. దొరవారిసత్రం మండలంలోని నేలపట్టుకు వెళ్లండి. 1976లో పక్షుల రక్షిత కేంద్రమైన చెరువు అది. నీటిలో నిలబడిన కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. పులికాట్ వైపు వెళ్లి చేపలు తిని వచ్చి ఇక్కడ రెట్ట వేస్తాయి. అంటే పులికాట్‌లోని భాస్వరాన్నీ నత్రజనినీ రెక్కల మీద మోసుకొచ్చి మంచినీటి చెరువులో వేస్తున్నాయి. ఆ నీళ్లు పారిన పొలం బాగా పండుతుందని చుట్టుపక్కల రైతులకు తెలుసు, అందుకే తరతరాలుగా ఆ పక్షులను ఎవరూ కదిలించలేదు. సాగునీటి చెరువులో వరమైనదే తాగునీటి చెరువులో ఆపద. కాబట్టి ఏ చెరువు దేనికోసం అన్నది ముందు తేల్చుకోవాలి. అందరికీ కలిపి ఒకే ప్రమాణం పెట్టి ఒకే ముద్ర వేస్తే ఈ తేడా కొట్టుకుపోతుంది.

మా చెరువులకు ఇంకో గుణముంది, చలిదేశాల పాఠ్యపుస్తకాల్లో దానికి పెద్దగా చోటు ఉండదు. అవి ఎండిపోతాయి. మే నెలలో నెర్రెలు విచ్చిన చెరువు అడుగు నుంచి గుప్పెడు మట్టి తెచ్చి గాజు పాత్రలో వేసి నీళ్లు పోస్తే, కొద్ది రోజుల్లోనే అందులో మొయినాలు, రోటిఫర్లు కదులుతాయి. అదృష్టం బాగుంటే వెల్లకిలా ఈదే ఫెయిరీ ష్రింపులు కూడా. తల్లులు వదిలి వెళ్లిన గట్టి గుడ్లు నెలల పాటు, కొన్ని రకాల్లో ఏళ్ల పాటు, ఆ ఎండలో ఓర్చుకుని ఉంటాయి. తొలకరి నీళ్లకు పుట్టిన ఈ జంతు ప్లవకాలే శైవలాలను తింటాయి, చేపపిల్లలకు మొదటి తిండి అవుతాయి. ఎండిపోయిన చెరువును బంజరనుకుని చెత్త పోసే వాళ్లకు నేను మొట్టమొదట చూపించేది ఆ గాజు పాత్రనే. చిన్నపిల్లలకు చూపిస్తే ఇంకా మంచిది, పెద్దలకన్నా వాళ్లు ఎక్కువ సేపు చూస్తారు.

ప్రకాశం జిల్లా మాటెత్తితే ఫ్లోరైడు గురించి చెప్పక తప్పదు. అది భూగర్భ జలాల సమస్య కదా, నీకేమిటి సంబంధం అని నా తోటివారే అడిగారు. సంబంధం ఉంది. దేశంలో ఫ్లోరోసిస్ మీద, అంటే ఫ్లోరైడు వల్ల పళ్లు, ఎముకలు చెడే జబ్బు మీద, తొలి శాస్త్రీయ నివేదికలు వచ్చింది మా గడ్డ మీది నుంచే. మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్, పండిట్, రాఘవాచారి నెల్లూరు జిల్లాలోని ఫ్లోరోసిస్ గురించి 1937లో ప్రచురించారు. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు అప్పుడు నెల్లూరు జిల్లాలో భాగం, 1970లో కొత్త జిల్లా ఏర్పడ్డాక అటు వెళ్లాయి. పశువులు బిగుసుకుపోయి నడవలేకపోవడాన్ని వైద్యుల కన్నా ముందు గమనించింది రైతులేనని చెబుతారు. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగే నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. ఆ గ్రామాల్లో చాలా బోర్లు ఆ గీత దాటినవే.

గ్రానైటు, నైస్ అనే గట్టి రాళ్ల పగుళ్లలో ఎక్కువ కాలం నిలిచిన నీటిలోకి ఫ్లోరైడు దిగుతుంది. కాల్షియం తక్కువగా, బైకార్బనేటు ఎక్కువగా ఉన్న నీటిలో ఇంకా ఎక్కువ కరుగుతుంది. చెరువులో పట్టిన వాననీటికి ఆ రాళ్లతో అంత సావాసం ఉండదు. ఒకప్పుడు ప్రతి ఊరికీ మంచినీళ్ల చెరువు ఉండేది, పశువులను దిగనిచ్చేవారు కాదు, బట్టలు ఉతకనిచ్చేవారు కాదు. చేతిపంపు, ఆపై బోరు వచ్చాక సూక్ష్మజీవుల బెడద తగ్గిందన్న మాట నిజం, ఎందరో పసిపిల్లల ప్రాణాలు నిలిచాయి. అదే సమయంలో మంచినీళ్ల చెరువు అనాథ అయింది, బోరు లోతు పెరిగింది, ఎముకల్లోకి ఫ్లోరైడు చేరింది. ఇప్పుడు మళ్లీ చెరువు దగ్గరికే వచ్చాం. నాగార్జున సాగర్ కుడి కాలువ నీళ్లతో నింపుకునే వేసవి నిల్వ చెరువులే జిల్లాలో ఎన్నో ఊళ్లకు ఆధారం. వాటిని నింపామా లేదా అన్నదాని మీద సమీక్షలు జరుగుతాయి. మేలో అవి పచ్చబడి మట్టి వాసన కొట్టినప్పుడు క్లోరిన్ మోతాదు పెంచుతారు. శైవలాల సేంద్రియ పదార్థం క్లోరిన్‌తో కలిస్తే క్లోరోఫాం వంటి పదార్థాలు పుడతాయని 1974లోనే రాటర్‌డామ్‌లో యోహానెస్ రూక్ చూపించాడు. కాబట్టి క్లోరిన్ పెంచడం కన్నా ముందు చెరువు ఎందుకు పచ్చబడిందో తెలుసుకోవాలి. దానికి చెరువు నిరుడు, అంతకు ముందటేడు ఎలా ఉందో రాసిపెట్టి ఉండాలి కదా.

రాసిపెట్టి ఉంటే ఏం జరుగుతుందో సియాటిల్‌లో జరిగింది. అక్కడి వాషింగ్టన్ సరస్సును 1933లో ఇద్దరు పరిశోధకులు కొలిచి వివరాలు ప్రచురించారు. 1955లో అందులో ఆసిలటోరియా అనే నీలి ఆకుపచ్చ శైవలం కనిపించినప్పుడు టామీ ఎడ్మండ్సన్ అనే ఆచార్యుడికి పోల్చి చూసుకోవడానికి పాత అంకెలు చేతిలో ఉన్నాయి. ఊళ్ల నుంచి వచ్చే శుద్ధి చేసిన మురుగు నీటిలోని భాస్వరమే కారణమనీ, దాన్ని మళ్లిస్తే సరస్సు కోలుకుంటుందనీ ఆయన ముందే చెప్పగలిగారు. 1958లో ప్రజలు ఓటు వేసి ఖర్చుకు సిద్ధపడ్డారు. 1963 నుంచి 1968 మధ్య మురుగును మళ్లించారు. మీటరుకు అటూ ఇటూగా పడిపోయిన పారదర్శకత మళ్లీ పెరిగింది. బైకాల్ సరస్సు మీద మిఖాయిల్ కోజోవ్ 1945లో కొలతలు మొదలుపెట్టాడు, ఆయన కూతురు ఓల్గా, మనవరాలు ల్యుబోవ్ వాటిని కొనసాగించారు. చలికాలంలో మంచుకు కన్నం పెట్టి మరీ, ఒకే చోట. అంత పెద్ద, అంత చల్లని సరస్సు కూడా 1946 తరువాత 1.2 డిగ్రీలు వేడెక్కిందని 2008లో ప్రపంచానికి తెలిసింది ఆ కుటుంబం రాసుకున్న పుస్తకాల వల్లనే.

కంభం చెరువు వయసు బైకాల్ కొలతలతో పోల్చలేనంత పెద్దది. విజయనగర కాలంలో గుండ్లకమ్మకు కట్ట వేసి నింపిన ఆ చెరువుకు 2020లో అంతర్జాతీయ సాగునీటి వారసత్వ గుర్తింపు వచ్చింది. అందరం గర్వపడ్డాం. ఆ గుర్తింపు వచ్చిన రోజు నుంచైనా ఆ నీటిని నెలకోసారి ఒకే చోట కొలిచి ఉంటే ఇప్పటికి మన చేతిలో ఎంత ఉండేదో!

దీనికి నాకు ఎదురయ్యే మొదటి అభ్యంతరం ఉపగ్రహాలు. పది మీటర్ల వివరంతో, అయిదు రోజులకోసారి సెంటినెల్-2 చిత్రాలు ఉచితంగా దొరుకుతున్నప్పుడు పడవెందుకు అంటారు. సోమశిల వంటి పెద్ద జలాశయంలో పైపొరలోని పచ్చదనాన్ని చూడటానికి అవి బాగా పనికొస్తాయి, నేనూ వాడతాను. కానీ మాకు వాన కురిసే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఆకాశమంతా మబ్బే. అడుగు నీటిలో ఆక్సిజన్ ఉందో లేదో ఉపగ్రహానికి తెలియదు. వేసవిలో లోతైన జలాశయం వేడి పైపొర, చల్లని అడుగుపొరగా విడిపోయినప్పుడు అడుగున ఆక్సిజన్ అయిపోతుంది, బురదలో అతుక్కున్న భాస్వరం, ఇనుము, మాంగనీసు విడిపోయి నీటిలో కలుస్తాయి. అసలు కథ నడిచేది అక్కడ. దాన్ని చూడాలంటే తాడు, సీసా, మనిషి కావాలి.

యంత్రాలు పెట్టి గంటగంటకూ అంకెలు తీసుకోవచ్చనేది రెండోది. తీసుకోవచ్చు. మా నీటిలో ఆ సెన్సార్ల మీద వారం పది రోజులకే పాచి పడుతుంది, తుడిచే వాళ్లు లేకపోతే అవి అబద్ధం చెబుతూనే ఉంటాయి. చివరికి మళ్లీ మనిషే.

మూడోది నన్ను నిజంగా బాధపెట్టేది. ఇలాంటి పనికి పదోన్నతి రాదు. పత్రాల సంఖ్యను బట్టి అధ్యాపకులను తూచే పద్ధతిలో, పదేళ్లు ఓపిక పట్టి ఒక మంచి పత్రం రాసే మనిషి వెనకబడతాడు. పదేళ్లలో పది చెరువులు తిరిగి పది పత్రాలు వేసిన వాడు ముందుకు పోతాడు. తెలివైన విద్యార్థులు ఇది చూస్తారు, తగ్గట్టే ఎంచుకుంటారు. నా దగ్గర చేరిన మంచి విద్యార్థులకు "ఒకే చెరువు పట్టుకో" అని చెప్పేటప్పుడు వాళ్ల భవిష్యత్తును పణంగా పెట్టమంటున్నానని నాకు తెలుసు. అయినా చెప్పాను. కొందరు విన్నారు. పదోన్నతి నియమాలు రాసేవారు, కొనసాగుతున్న కొలతల పట్టికను కూడా ప్రచురణతో సమానంగా గుర్తించే ఒక్క వాక్యం చేరిస్తే చాలు, ఈ స్థితి మారుతుంది.

నేను కోరేది పెద్ద సంస్థ కాదు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో జంతుశాస్త్రమో వృక్షశాస్త్రమో రసాయనశాస్త్రమో బోధించే డిగ్రీ కళాశాల ప్రతిదీ తనకు దగ్గర్లోని ఒక్క చెరువును తీసుకోవాలి. నెలకోసారి తెల్లవారుజామున వెళ్లాలి. పైన, అడుగున ఉష్ణోగ్రత, ఆక్సిజన్. సెక్కీ లోతు. విద్యుద్వాహకత. వడపోత కాగితం మీద పట్టిన పచ్చదనం. ప్లవకాలను చూసి గీసిన బొమ్మలు. భాస్వరం పరీక్ష మూడు నెలలకోసారైనా. కనిగిరి వైపు అయితే ఫ్లోరైడు కూడా. విద్యార్థులు ఏటా మారతారు, చోటు, వేళ, పద్ధతి మారవు. ఆ అంకెలు కళాశాల గోడ మీద, పంచాయతీ గోడ మీద కనపడాలి. ప్రాజెక్టు పని పేరుతో పిల్లలు ఎలాగూ ఏవో రికార్డులు రాస్తూనే ఉన్నారు. ఆ శ్రమను ఇటు తిప్పితే చాలు.

ఇంతకన్నా అత్యవసరమైనది ఇంకొకటి ఉంది. 1970ల నుంచి మన చెరువుల మీద రెండేళ్ల చొప్పున పనిచేసి వెళ్లిన వాళ్ల రాత పుస్తకాలు ఎక్కడెక్కడో ఉన్నాయి. అచ్చయిన గ్రంథంలో సగటులే ఉంటాయి, అసలు అంకెలన్నీ ఆ చేతిరాత పుస్తకాల్లోనే. విభాగాలు గదులు మారినప్పుడు, అధ్యాపకులు పదవీ విరమణ చేసినప్పుడు అవి పాత కాగితాల వాడికి పోతున్నాయి. 1980లో ఒక చెరువులో సెక్కీ బిళ్ల ఎంత లోతులో కనుమరుగైందో రాసిన పేజీ ఒకటి దొరికితే, ఈ ఏడాది అక్కడే బిళ్ల దించి పోల్చవచ్చు. మన వాషింగ్టన్ సరస్సు 1933 ఆ పుస్తకాల్లో ఎక్కడో ఉంది. మీలో ఎవరైనా, లేదా మీ నాన్నగారో అత్తగారో మేనమామగారో, ఈ రెండు జిల్లాల్లో ఏ చెరువు మీదైనా ఎప్పుడైనా పనిచేసి ఉంటే, దయచేసి ఆ పుస్తకాలను వెతకండి. పేజీలను ఫోనుతో ఫొటోలు తీసి, చెరువు పేరు, నీళ్లు తీసిన చోటు, వేళ గుర్తున్నంత వరకు పక్కనే రాసి, దగ్గర్లోని కళాశాల గ్రంథాలయానికి ఒక ప్రతి ఇవ్వండి. వేళ మాత్రం మరచిపోకుండా రాయండి.